68 నుంచి 24కి: తేడా కుర్రాడిదా, ముందున్న ఐదుగురిదా?

నేపర్విల్_నాని
అమెరికన్ ఫుట్‌బాల్‌లో మా షికాగో బేర్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) కేలబ్ విలియమ్స్ 2024లో 68 సార్లు సాక్ అయ్యాడు, అంటే బంతి విసిరేలోపే అవతలివాళ్ళు పడగొట్టేశారు. 2025లో 24 సార్లు. అదే కుర్రాడు, అవే కాళ్ళు, అదే చెయ్యి. 5 గెలుపులు, 12 ఓటములతో (5-12) ముగించిన బేర్స్ 11-6తో తమ నాలుగు జట్ల డివిజన్ గెలిచారు. నిన్న మా ఆఫీసులో లంచ్ దగ్గర దీని మీదే పెద్ద వాదన. ఒకాయన "మొదటి ఏడాది బంతి పట్టుకుని కూర్చునేవాడు, ఇప్పుడు వదలడం నేర్చుకున్నాడు, అంతే" అని తేల్చేశాడు. నాకు ఒళ్ళు మండింది.

2024 నవంబర్ 10న పేట్రియట్స్‌తో మ్యాచ్‌కి నేను మా సొంత మైదానం సోల్జర్ ఫీల్డ్‌లోనే ఉన్నాను. 19-3తో ఓడిపోయాం. తొమ్మిది సాక్‌లు. మూడో క్వార్టర్‌కల్లా చుట్టూ జనం కేకలు మానేసి చూస్తూ కూర్చున్నారు. కుర్రాడు లేచిన ప్రతిసారీ హెల్మెట్ ఊచల్లో ఇరుక్కున్న గడ్డిని వేలితో లాగేసుకుంటూ మళ్ళీ నిలబడ్డాడు. రెండు రోజుల తర్వాత ఆఫెన్స్ కోచ్ షేన్ వాల్డ్రన్‌ని తీసేశారు, నెలాఖరుకి హెడ్ కోచ్ ఎబర్‌ఫ్లస్ కూడా పోయాడు. లైన్ మాత్రం, అంటే క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడి అతన్ని కాచే ఐదుగురు, సీజన్ చివరిదాకా అతుకుల బొంతే.

నా ప్రశ్న ఇది. కాళ్ళలో చురుకున్న కుర్ర క్వార్టర్‌బ్యాక్ నిలబడ్డాడన్నా, పడిపోయాడన్నా, అందులో ఆ ఐదుగురి ఆఫెన్సివ్ లైన్ వాటా ఎంత?

ఫిల్లీ_వెంకట్
మొత్తం లైనే. ఇందులో వాదించడానికి ఏముంది?

నేపర్విల్_నాని
వెంకట్ బాబాయ్, ఫిలడెల్ఫియా ఈగల్స్ అభిమానులకి అలా అనడం తేలికే. మీకు పదేళ్ళుగా గోడ ఉంది. మాకు 2024లో తడిక కూడా లేదు.

ఫ్రిస్కో_ఫణి
నేను ఒప్పుకోను. అదే 2024లో, అదే రూకీ (లీగ్‌లో మొదటి) ఏడాదిలో, వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్ 47 సాక్‌లు తిన్నాడు. అవేమీ తక్కువ కాదు. అయినా వాషింగ్టన్ 12-5తో ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్ (సూపర్ బౌల్‌కి ముందు మెట్టు) దాకా వెళ్ళింది. సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్ బరో 2021లో 51 సార్లు పడి కూడా లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ ఆడాడు. లైన్ బాగోలేదు కాబట్టి గెలవలేదంటే ఆడలేక మద్దెల ఓడన్నట్టే ఉంటుంది.

సిన్సినాటి_శ్రీను
ఫణి గారూ, బరో పేరెత్తారు కాబట్టి మిగతా కథ కూడా చెప్పండి. 2020లో రూకీగా ఉన్నప్పుడే వాషింగ్టన్‌లో పాకెట్ (లైన్ అతని చుట్టూ కట్టే రక్షణ గూడు) కూలి మోకాలు పోయింది. తర్వాతి ఏడాది టెనెసీలో ప్లేఆఫ్ మ్యాచ్‌లో తొమ్మిది సాక్‌లు తిని 19-16తో గెలిచాడు. సూపర్ బౌల్‌లో ఏడు తిన్నాడు, 23-20తో పోయింది. ఆఖరి బంతి విసిరేటప్పుడు అవతలి డిఫెండర్ ఆరన్ డొనాల్డ్ చేతులు అతని నడుం చుట్టూ ఉన్నాయి. మా రిసీవర్ (బంతి అందుకునేవాడు) జమార్ చేజ్ ఎండ్ జోన్ (స్కోరు వచ్చే చివరి భాగం) వైపు ఒంటరిగా పరిగెడుతున్నాడు. ఇంకొక్క సెకను దొరికితే ఏమయ్యేదో అని ఇప్పటికీ నాకు నిద్ర పట్టని రాత్రులున్నాయి.

హ్యూస్టన్_హరి
ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు డేవిడ్ కార్ గుర్తొస్తాడు. 2002 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే చోట) మొదటి పేరు. మా హ్యూస్టన్ టెక్సన్స్‌కి అదే మొదటి సీజన్. కొత్త జట్టు కోసం పాత జట్ల ఆటగాళ్ళని ఇచ్చే ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్‌లో మొదట తీసుకున్నది టోనీ బొసెల్లీని, అంటే లీగ్‌లో పేరు మోసిన లెఫ్ట్ టాకిల్‌ని, లైన్‌లో ఎడమ చివర నిలబడేవాడిని. ఆలోచన సరైందే. కానీ భుజం గాయంతో బొసెల్లీ మా తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కార్ 76 సార్లు పడ్డాడు. ఒక సీజన్‌లో ఇప్పటికీ అదే రికార్డు. 2005లో మళ్ళీ 68. కేలబ్ సమం చేసింది ఆ అంకెనే.

నేను అప్పుడు హ్యూస్టన్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. రూమ్మేట్స్ నలుగురం ఒక పాత టీవీ ముందు కూర్చుని చూసేవాళ్ళం. మొదట్లో కార్ కళ్ళు దూరంగా ఉన్న రిసీవర్ల మీద ఉండేవి. మూడో ఏడాదికి ముందు మీదికొస్తున్న వాళ్ళని చూడటం మొదలైంది. ఎవరూ దగ్గరికి రానప్పుడు కూడా భుజం ముడుచుకునేవాడు. అది ఒకసారి పట్టుకుంటే తర్వాత మంచి లైన్ ఇచ్చినా పోదు.

భాగ్యనగర్_భాను
హైదరాబాద్ నుంచి చూస్తాను, ఆటకి కొత్త. పోయినేడాదే అలవాటైంది. బేర్స్, ప్యాకర్స్ ప్లేఆఫ్ ఆదివారం పొద్దున 6:30కి ఇక్కడ వచ్చింది, అదే నన్ను పట్టేసింది. కాస్త విడమర్చి చెప్పండి, ఈ ఐదుగురిలో తేడా ఏంటి? అందరూ ఒకేలా ముందుకి తోస్తున్నట్టే కనిపిస్తారు.

ఫిల్మ్_రూమ్_రవి
భానూ, మధ్యలో బంతి వెనక్కి అందించేవాడు సెంటర్. అతనికి రెండు పక్కలా గార్డ్‌లు, చివర్లలో టాకిల్స్. కుడిచేత్తో విసిరేవాడికి ఎడమ వైపు వీపు వస్తుంది, కనిపించదు. అందుకే లెఫ్ట్ టాకిల్‌కి అంత ధర. బంతి కదలకముందు సెంటర్ వేలు చూపిస్తూ ఏదో అరుస్తాడు చూడు, ఎవడు మీదికి రావచ్చో, ఎవరు ఎవర్ని ఆపాలో అప్పుడే పంచుతాడు. ఆ పంపకంలో ఒక్క మాట తప్పితే క్వార్టర్‌బ్యాక్ నేల మీదే.

ఇక నాని గారి ప్రశ్న. నేను మధ్యస్థంగా ఉంటాను, ఎందుకంటే ఫిల్మ్ అలాగే ఉంది. టాకిల్ వెనక్కి తిరిగి చూడడు, చూడలేడు. తన క్వార్టర్‌బ్యాక్ బంతికి ఏడెనిమిది యార్డుల వెనక ఉంటాడన్న నమ్మకంతో కాళ్ళు వేస్తాడు. పక్కనుంచి దూసుకొచ్చేవాడిని పూర్తిగా ఆపక్కర్లేదు, ఆ ఏడెనిమిది యార్డుల గుర్తు దాటించి వెనక్కి తోసేస్తే చాలు. క్వార్టర్‌బ్యాక్ ఒక్క అడుగు ముందుకేస్తే వచ్చినవాడు వెనకనుంచి గాలిని పట్టుకుని పోతాడు.

మరి కేలబ్ 2024లో ఏం చేసేవాడు? పది, పదకొండు యార్డుల దాకా వెనక్కి జారేవాడు. అప్పుడు టాకిల్ తన పని తాను సరిగ్గా చేసి, మనిషిని తిన్నగా తీసుకెళ్ళి తన క్వార్టర్‌బ్యాక్‌కే అప్పగించినట్టవుతుంది. టీవీలో చూసే మనం టాకిల్‌ని తిడతాం. అలాంటివి ఆ 68లో బోలెడు.

నేపర్విల్_నాని
రవి గారూ, మరి వెనక్కి జారడం ఎందుకు? మధ్యలోంచి మనుషులు వచ్చి పడుతుంటే ముందుకెలా అడుగేస్తాడు?

ఫిల్మ్_రూమ్_రవి
అది కూడా నిజమే. దాన్నే చెప్పబోతున్నాను. పక్కనుంచి వచ్చే ఒత్తిడికి మందు ముందుకి అడుగేయడం. గార్డ్‌ల మధ్యనుంచి వచ్చే ఒత్తిడికి మందు లేదు. కళ్ళ ముందే గోడ కూలుతుంది, విసిరే చెయ్యి ముందుకి రాదు, దారి కనిపించదు. ఎత్తు తక్కువ వాడికైతే మరీ. 2024లో బేర్స్ గార్డ్‌లు సీజనంతా మారుతూనే ఉన్నారు. కుడి గార్డ్‌గా నేట్ డేవిస్ నుంచి మాట్ ప్రయర్‌కి వెళ్ళారు, డేవిస్‌ని నవంబర్‌లో వదిలేశారు. పక్కనున్నవాడు ఎవడో తెలియకుండా ఐదుగురు ఒక్కటిగా కదలలేరు. కాడికి ప్రతి వారం కొత్త ఎద్దుని కట్టి సాలు వంకర పోయిందంటే ఎట్లా?

కాబట్టి నా లెక్క: జారడం కేలబ్ అలవాటు. ఆ అలవాటుని ముదరబెట్టింది నడిమధ్య లైన్.

ఫ్రిస్కో_ఫణి
అలవాటు అని మీరే అన్నారు. యూఎస్‌సీలో, కాలేజీ ఆటలో ఉన్నప్పుడూ అంతే చేసేవాడు. అక్కడ తన కాళ్ళ ముందు ఎవడూ నిలవలేదు, ఇక్కడ నిలిచారు. సాక్ అనేది సగం క్వార్టర్‌బ్యాక్ లెక్కే. కొందరు ఏ జట్టుకి వెళ్ళినా ఎక్కువ పడతారు, కొందరు ఏ లైన్ వెనకైనా తక్కువ పడతారు.

ఫిల్లీ_వెంకట్
ఫణీ, నేను 80లలో వచ్చాను ఈ ఊరికి. మా క్వార్టర్‌బ్యాక్ రాండల్ కనింగ్‌హమ్‌ని కళ్ళతో చూశాను. పాముని పట్టుకోవచ్చేమో కానీ అతన్ని పట్టుకోవడం కష్టం. అలాంటివాడు 1986లో 72 సార్లు పడ్డాడు. అదీ సీజనంతా ఆడి కాదు. పాపం, చాలా మ్యాచ్‌ల్లో మూడో డౌన్‌కి (పది యార్డులకి దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోదానికి) ఎక్కువ దూరం ఉన్నప్పుడు మాత్రమే దింపేవాళ్ళు. అవతలివాళ్ళకి పాస్ వస్తుందని ముందే తెలుసు, నేరుగా దూకేవాళ్ళు. ఆ ఏడాది జట్టు మొత్తం 104 సాక్‌లు ఇచ్చింది. ఒక మనిషి అలవాటు వల్ల 104 రావు.

కాళ్ళున్న కుర్రాడితో వచ్చే చిక్కే అది. "వాడే తప్పించుకుంటాడులే" అని లైన్ మీద డబ్బు పెట్టడం వాయిదా వేస్తారు. నిలబడి ఆడే ముసలి క్వార్టర్‌బ్యాక్‌కైతే వెంటనే గోడ కడతారు.

భాగ్యనగర్_భాను
ఈ మాట నాకు బాగా ఎక్కింది బాబాయ్.

కాన్సస్_కిరణ్
వెంకట్ గారు అన్నదానికి మా దగ్గర పెద్ద సాక్ష్యం ఉంది. 2021 ఫిబ్రవరి 7, టాంపాతో సూపర్ బౌల్. మా టాకిల్స్ ఇద్దరూ, ఫిషర్, ష్వార్ట్జ్, గాయాలతో బయట. మా క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ బంతి విసిరేలోపు, లేదా పడేలోపు, వెనకా పక్కలా పరిగెత్తిన దూరం మొత్తం 497 యార్డులని ట్రాకింగ్ లెక్క. దాదాపు ఐదు మైదానాలు. గాల్లో అడ్డంగా పడిపోతూ కూడా ఎండ్ జోన్‌లోకి విసిరిన బంతి ఒకటుంది, రిసీవర్ హెల్మెట్‌కి తగిలి పోయింది. స్కోరు 31-9. టచ్‌డౌన్ ఒక్కటి లేదు.

ప్రపంచంలో అంతకన్నా బాగా తప్పించుకునేవాడు ఎవడున్నాడు ఆ రోజుకి? అయినా సరిపోలేదు. మా వాళ్ళు ఆ వేసవిలో మహోమ్స్‌కి సలహాలివ్వలేదు, లైన్‌ని పెకలించి కొత్తగా కట్టారు. జో థూనీని డబ్బిచ్చి తెచ్చారు, ఓర్లాండో బ్రౌన్ కోసం ట్రేడ్ చేశారు, డ్రాఫ్ట్‌లో క్రీడ్ హంఫ్రీని రెండో రౌండ్‌లో, ట్రే స్మిత్‌ని ఆరో రౌండ్‌లో తీశారు. తర్వాత రెండు కప్పులు వచ్చాయి.

నేపర్విల్_నాని
ఆ థూనీయే ఇప్పుడు మా ఎడమ గార్డ్! 2025 మార్చిలో డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండ్ పిక్ (ఎంచుకునే వంతు) ఒక్కటిచ్చి తెచ్చుకున్నాం. అప్పటికే నాలుగు సూపర్ బౌల్ ఉంగరాలున్న మనిషి. సెంటర్‌గా అట్లాంటా నుంచి డ్రూ డాల్‌మన్, కుడి గార్డ్‌గా జోనా జాక్సన్. అంటే రవి గారు చెప్పిన నడిమధ్య ముగ్గుర్నీ ఒకే నెలలో మార్చేశారు. అందుకే 24.

కాన్సస్_కిరణ్
మీరు తీసుకున్నాక మాకేమైందో చూశారుగా. సంతోషంగా చూసుకోండి, మాకు తెగ నచ్చిన మనిషి.

ఫ్రిస్కో_ఫణి
ఒక్క నిమిషం. అదే ఏడాది హెడ్ కోచ్‌గా బెన్ జాన్సన్ కూడా వచ్చాడు. క్వార్టర్‌బ్యాక్‌ని సెంటర్ వెనకే నిలబెట్టి, రన్ ఆడుతున్నట్టు నటించి, పక్కకి రోల్ చేయించి, బంతి తొందరగా వదిలించాడు. మూడూ ఒకేసారి మారితే పేరంతా లైన్‌కెలా ఇస్తారు? పైగా కేలబ్ పాస్‌లు అందింది 60 శాతం కూడా దాటలేదు. గోడ ఉన్నా అన్ని బంతులు గురి తప్పుతున్నాయంటే?

ఫిల్మ్_రూమ్_రవి
ఫణి అడిగింది న్యాయమైన ప్రశ్న. కోచ్ వాటా ఉంది, పెద్దదే. కానీ ఒకటి గమనించండి. రన్ ఆడుతున్నట్టు నటిస్తే ఎవరు నమ్మాలి? నిజంగా రన్‌తో నెట్టగల లైన్ ఉంటేనే అవతలి లైన్‌బ్యాకర్ (వాళ్ళ లైన్ వెనక కాచేవాడు) ఒక అడుగు ముందుకేస్తాడు. ఆ ఒక్క అడుగులోనే పాస్ ఉంది. కాగితం మీద ఎవరైనా గీస్తారు, ఆ గీతకి బరువిచ్చేది ఆ ఐదుగురే.

గురి సంగతికొస్తే, అవును, ఇంకా మెరుగుపడాలి. బంతి పారేయాల్సిన చోట పారేస్తున్నాడు కాబట్టి కూడా ఆ శాతం తగ్గింది. 2024లో సాక్ అయ్యేవి 2025లో ప్రేక్షకుల్లోకి వెళ్ళాయి. నాకైతే అది మంచి మార్పే.

ఇండీ_ఇందిర
ఇంతమంది ఇన్ని చెప్పారు, మా ఇండియానాపొలిస్ క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్ పేరు రాలేదేంటి? మావాళ్ళు చేసింది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. 2012లో మొదటి పిక్. ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్నాడు. 2015లో మొదటి రౌండ్ పిక్ దొరికితే లైన్‌మన్ కాదు, రిసీవర్‌ని తీశారు. అదే ఏడాది కిడ్నీ చిరిగింది. భుజం గాయంతో 2017 మొత్తం పోయింది. 2018లో ఎట్టకేలకి లైన్ కోసం క్వెంటన్ నెల్సన్‌నీ, బ్రేడెన్ స్మిత్‌నీ తెచ్చారు. ఆ సీజన్‌లో 18 సాక్‌లే! లీగ్ మొత్తం మెచ్చుకునేలా ఆడాడు. 2019 ఆగస్టు 24న రిటైర్ అయ్యాడు. 29 ఏళ్ళు.

ఆ రాత్రి నేను స్టేడియంలోనే ఉన్నాను. వార్త ఫోన్లలో పాకింది, అతను లోపలికి వెళ్తుంటే మావాళ్ళే బూ అన్నారు. నా పక్క సీటాయన కూడా అన్నాడు. నాకు సిగ్గేసింది. లైన్ వచ్చింది కానీ ఆ ఒంటికి ఆలస్యమైపోయింది.

ఫ్రిస్కో_ఫణి
ఇందిర గారూ, బాధ అర్థమైంది. కానీ కిడ్నీ దెబ్బ పాకెట్‌లో తగిలింది కాదు కదా, తనే పరిగెత్తినప్పుడు తగిలింది.

ఇండీ_ఇందిర
నిజమే, పరిగెత్తినప్పుడే. పాకెట్‌ని నమ్మే అలవాటు అతనికి ఎవరు మిగిల్చారు ఫణి గారూ?

హ్యూస్టన్_హరి
ఇందిర గారి మాటకి నాదొక చేర్పు. ఇరవై ఏళ్ళ తర్వాత మా ఊళ్ళో మళ్ళీ అదే భయం. మా క్వార్టర్‌బ్యాక్ స్ట్రౌడ్ రూకీగా 38 సాక్‌లు, రెండో ఏడు 52. జట్టు గెలుపులు రెండేళ్ళూ 10-7యే. అంకె చూస్తే ఏమీ మారలేదు. కుర్రాడి కాళ్ళు చూస్తే మారిపోయాయి, మొదటి ఏడాది నేల మీద దిమ్మెల్లా ఉండేవి, రెండో ఏడాది చిటపటలాడుతున్నాయి.

లైన్‌మన్_వాళ్ళమ్మ
చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. అంకెలు నాకు తెలియవు. మా అబ్బాయి హైస్కూల్లో లెఫ్ట్ గార్డ్. పదో తరగతి.

మొదట్లో నాకు ఈ ఆట ఇష్టం లేదు. వీడు బంతి ముట్టుకోడు, స్కోరు చేయడు, ఎవరూ పేరు పిలవరు, మరి ఎందుకు ఆడతావురా అని అడిగేదాన్ని. మ్యాచ్‌కి ముందు వేళ్ళకి తెల్ల టేపు చుట్టుకుంటాడు. రాత్రి ఇంటికొచ్చాక ఆ టేపు వేడినీళ్ళలో నానబెట్టి నేనే విప్పుతాను. మోచేతి కింద పచ్చని, ఊదా రంగు మచ్చలు. గురువారం రాత్రి లైన్ పిల్లలంతా ఒకరింట్లో భోంచేస్తారు, అది వాళ్ళ ఆనవాయితీ. మా వంతు వచ్చినప్పుడు పెద్ద ట్రే నిండా పులిహోర కలిపాను. తింటారో లేదో అనుకున్నాను, అడుగున వేరుశనగపప్పు కూడా మిగల్లేదు.

వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ తొమ్మిదో తరగతి అబ్బాయి. చిన్నవాడే కానీ జింకలా పరిగెడతాడు. వాడు పరిగెడుతుంటే స్టాండ్స్‌లో అందరం లేచి నిలబడతాం. అక్టోబర్‌లో ఒక వారం, పాత సెంటర్‌కి మడమ బెణికితే కొత్త పిల్లాడిని నిలబెట్టారు. కలిపి సరిగ్గా ప్రాక్టీసే లేదు. అవతలివాళ్ళు ఇద్దరు దారులు మార్చుకుంటూ అడ్డంగా దాటారు. మా వాడు తన మనిషిని వదిలి పక్కవాడికి అప్పగించాలి, వచ్చేవాడిని తను అందుకోవాలి. కానీ తన మనిషి వెంటే వెళ్ళిపోయాడు. మధ్యలో తలుపు తెరిచినట్టు సందు. ఆ పసివాడి కాలర్ ఎముక విరిగింది.

మా వాడు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. "అమ్మా, కొట్టినవాడు నావాడు" అంటాడు, అంతే. మూడో రోజు వాళ్ళింటికి తీసుకెళ్ళాను. ఇద్దరూ గరాజ్‌లో కూర్చున్నారు. ఆ చిన్నవాడు చేతికి పట్టీ కట్టుకుని ఏమన్నాడో తెలుసా? "నేను ఉండాల్సిన చోట లేను. నువ్వు అనుకున్న చోటికన్నా చాలా వెనకున్నాను." రవి గారు రాసింది చదివితే అదే మాట. నాకు ఒళ్ళు జలదరించింది.

ఇప్పుడు మ్యాచ్‌లో నేను బంతిని చూడను. మా వాడి కాళ్ళనే చూస్తాను.

నేపర్విల్_నాని
అక్కా, మీరు రాసింది మా ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. పిల్లాడు ఎలా ఉన్నాడు?

లైన్‌మన్_వాళ్ళమ్మ
బాగున్నాడు తమ్ముడూ. డాక్టర్ గారు బంతి విసరొచ్చన్నారట. ఇప్పుడు శనివారాలు మా వెనక పెరట్లోనే ఇద్దరూ కలిసి అడుగులు వేస్తున్నారు. గడ్డి మీద సుద్దపొడితో ఒక గుర్తు పెట్టుకున్నారు, క్వార్టర్‌బ్యాక్ ఆ గుర్తు దాటి వెనక్కి పోకూడదట. మా ఆయన గడ్డి పాడవుతోందని గొణుగుతూ ఉంటారు.

ఫిల్లీ_వెంకట్
అమ్మా, మీ అబ్బాయికి జోర్డన్ మైలాటా కథ చెప్పండి. ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆడేవాడు. 2018లో మావాళ్ళు ఏడో రౌండ్‌లో తీసుకునే నాటికి అతను అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటి కూడా ఆడలేదు. జెఫ్ స్టౌట్‌లాండ్ అనే లైన్ కోచ్ చేతిలో పడి లెఫ్ట్ టాకిల్ అయ్యాడు. అటు మైలాటా, ఇటు లేన్ జాన్సన్, వాళ్ళ మధ్య మా క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్. హర్ట్స్ రెండో రౌండ్ కుర్రాడు, వచ్చినప్పుడు అతను విసరలేడని ఎంతమంది రాయలేదు! తొందరపెట్టకుండా ఎదగనిచ్చారు. చివరికి సూపర్ బౌల్ ఎంవీపీ, అంటే ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడు.

అదే మ్యాచ్‌లో అవతల మహోమ్స్ ఆరుసార్లు పడ్డాడు. మావాళ్ళు అదనంగా ఒక్కడిని కూడా పంపలేదు, నలుగురితోనే. థూనీని గార్డ్ నుంచి తీసి లెఫ్ట్ టాకిల్‌లో పెట్టాల్సి వచ్చింది వాళ్ళకి.

అన్నట్టు నానీ, 2023 డ్రాఫ్ట్‌లో మాకు తొమ్మిదో పిక్ ఇచ్చి పదికి జరిగారు కదా, మా డిఫెండర్ జేలెన్ కార్టర్ ఆ పిక్‌తోనే వచ్చాడు. ఇప్పటికీ మీకు థాంక్స్.

నేపర్విల్_నాని
మాకు వచ్చింది డార్నెల్ రైట్ బాబాయ్. కుడి టాకిల్, నెమ్మదిగా రాయిలా తయారయ్యాడు. నాకు దిగులు లేదు.

భాగ్యనగర్_భాను
అక్క గారు చెప్పిన ఆ దారులు మార్చుకునే ఎత్తు చదవగానే కబడ్డీ గుర్తొచ్చింది. చెయ్యి చెయ్యి పట్టుకుని నిలబడినంతసేపే గొలుసు. ఒకడు ఆశపడి ముందుకి దూకితే రైడర్ ఆ సందులోంచే గీత తాకుతాడు. మా ఊరి జట్టులో కుడి కార్నర్‌లో ఆడేవాడిని, నా తొందరకి మాస్టారు చీవాట్లు పెట్టేవారు. లైన్ అంటే ఇప్పుడు అర్థమైంది.

ఫిల్మ్_రూమ్_రవి
భానూ, అదే! నేను పది లైన్లలో చెప్పలేనిది నువ్వు మూడు లైన్లలో చెప్పావు.

ఫ్రిస్కో_ఫణి
సరే, కొంత దిగి వస్తాను. కానీ పూర్తిగా కాదు. వాషింగ్టన్ 2025లో టన్సిల్ లాంటి లెఫ్ట్ టాకిల్‌ని తెచ్చింది. లైన్ మెరుగైంది. అయినా డేనియల్స్ మోకాలు, తొడ కండరం, మోచెయ్యి అంటూ సీజన్‌లో సగం కూడా ఆడలేదు. సన్నటి కుర్రాడు, పరిగెత్తుతాడు, ఒంటిని కాపాడుకోడు. లైన్ ఎంత గట్టిదైనా, పాకెట్ దాటి బయటికొచ్చినవాడిని ఎవరు కాపాడతారు? ఆ ఒక్క విషయం కుర్రాడి చేతిలోనే ఉంది.

ఇంకోటి. రామ్స్‌తో ప్లేఆఫ్‌లో కేలబ్ కొట్టిన ఆ టచ్‌డౌన్‌నే చూడండి. నాలుగో డౌన్, బంతి 14 యార్డుల గీత దగ్గర, ఇక సెకన్లే మిగిలున్నాయి. వెనక్కి, ఇంకా వెనక్కి, దాదాపు 40 యార్డుల గీత దాకా పరిగెత్తి, కాళ్ళు గాల్లో ఉండగా ఎండ్ జోన్‌లో ఉన్న కోల్ కెమెట్‌కి విసిరాడు. రవి గారి పాఠం ప్రకారం అది పెద్ద తప్పు. దాంతోనే స్కోరు 17-17 అయింది. ఆ జారుడు మొత్తం మాన్పిస్తే ఆ కుర్రాడు ఆ కుర్రాడే కాడు.

నేపర్విల్_నాని
ఆ బంతి గాల్లో ఉన్నంతసేపు నేను ఊపిరి తీసుకోలేదు ఫణి గారూ. ఓవర్‌టైమ్‌లో 20-17తో పోయినా, ఆ ఒక్క బంతి నాకు చాలు.

ఫిల్మ్_రూమ్_రవి
ఫణి మంచి చోట పట్టుకున్నాడు. మాన్పించమని నేను అనను. మొదటి డౌన్‌లో, రెండో క్వార్టర్‌లో, అవసరం లేని చోట జారడం వేరు. ఆఖరి సెకన్లలో నాలుగో డౌన్‌కి జారడం వేరు. 2024లో రెండిటికీ తేడా చూసుకునే తీరిక అతనికి దొరకలేదు, అన్నీ ఆఖరి సెకన్లే అయిపోయాయి. 2025లో ఆ తేడా తెలిసింది.

ఆ రోజు లైన్‌లో ఎవరున్నారో కూడా గుర్తు చేసుకోండి. లెఫ్ట్ టాకిల్ దగ్గర బ్రాక్స్టన్ జోన్స్‌తో సీజన్ మొదలైంది, తర్వాత కెనడా నుంచి వచ్చిన, డ్రాఫ్ట్ కాని థియో బెనడెట్, ఆ తర్వాత రూకీ ఓజీ ట్రాపిలో. ట్రాపిలో ప్యాకర్స్‌తో ప్లేఆఫ్‌లో మోకాలు పోగొట్టుకున్నాడు. రామ్స్ మీద మళ్ళీ థూనీయే గార్డ్ నుంచి టాకిల్‌కి జరిగాడు.

కాన్సస్_కిరణ్
మా దగ్గరా అదే చేశాడు, మీ దగ్గరా అదే చేశాడు. ఎక్కడ కూలితే అక్కడికి వెళ్ళి నిలబడతాడు.

సిన్సినాటి_శ్రీను
మావాళ్ళు 2021 డ్రాఫ్ట్‌లో టాకిల్ పెనే సూవెల్‌ని వదిలి చేజ్‌ని తీసుకున్నప్పుడు ఇదే గొడవ ఇక్కడ నెలల తరబడి నడిచింది. చేజ్‌ని చూసి ఎవరూ తప్పనలేరు. కానీ బరో పడ్డ ప్రతిసారీ సూవెల్ డెట్రాయిట్‌లో ఏం చేస్తున్నాడో చూసేవాడిని.

నేపర్విల్_నాని
రేపు ఆఫీసులో ఆయనకి ఇదంతా చూపిస్తాను. ఒప్పుకోడు, అయినా చూపిస్తాను. రవి గారూ, పేట్రియట్స్ మ్యాచ్‌లో ఆ తొమ్మిదీ ఒక్కొక్కటి ఆపి ఎవరి వల్లో రాయగలరా? నేను ఆ రోజు స్టాండ్స్‌లో కోపంతో చూశాను, కళ్ళతో చూడలేదు.

ఫిల్మ్_రూమ్_రవి
ఈ వారాంతంలో కూర్చుంటాను. కొన్ని మీకు నచ్చవు, ముందే చెబుతున్నాను.

లైన్‌మన్_వాళ్ళమ్మ
రాసినప్పుడు చెప్పండి రవి గారూ. పిల్లలిద్దరికీ చూపిస్తాను.

భాగ్యనగర్_భాను
అక్క గారు చెప్పినట్టే ప్యాకర్స్ మ్యాచ్ మళ్ళీ పెట్టుకున్నాను. విరామానికి 21-3తో వెనకబడి 31-27తో గెలిచిన మ్యాచ్. బంతిని చూడకుండా 62 నంబరునే చూశాను, థూనీ. ఒక డ్రైవ్ (బంతి జట్టు చేతిలో ఉన్న వరుస ప్రయత్నాలు) మొత్తం అతని కాళ్ళే. జనం ఒక్కసారిగా అరిచారు, ఏమైందో తెలియలేదు, వెనక్కి తిప్పి చూసుకోవాల్సి వచ్చింది.